చాయ్ దగ్గర మాట మీటింగ్‌లోకి వచ్చేదాకా: టీమ్ కోచ్‌గా పదునెక్కడానికి ఒక మార్గదర్శి

మీటింగ్ గంటన్నర సాగింది. గదిలో తొమ్మిది మంది ఉన్నారు. సాఫ్ట్‌వేర్ రిలీజ్ తేదీ మీద ఎవరికైనా అభ్యంతరం ఉందా అని మేనేజర్ రెండుసార్లు అడిగాడు. ఎవరూ ఏమీ అనలేదు. సరే, ఫిక్స్ అనుకుని అందరూ లేచారు. పది నిమిషాల తర్వాత గచ్చిబౌలిలో ఆ ఆఫీసు కింద చాయ్ బండి దగ్గర అదే జట్టులోని నలుగురు నవ్వుకుంటున్నారు. "ఆ తేదీకి అయ్యే పనేనా అన్నా ఇది?" "మరి నువ్వెందుకు చెప్పలేదు?" "నువ్వెందుకు చెప్పలేదు?" పక్కనే కప్పు పట్టుకుని నేనూ ఉన్నాను.

ఆ నలుగురిలో ఇద్దరికి నేను అప్పటికే విడివిడిగా కోచింగ్ చేస్తున్నాను, అంటే సలహాలివ్వకుండా ప్రశ్నలతో వాళ్ల దారి వాళ్లే కనుక్కునేలా తోడుంటున్నాను. జంకు లేకుండా మాట్లాడటం మీదే నెలల తరబడి కూర్చున్నాం. నా ముందు గడగడా మాట్లాడేవాళ్లు. ఆ గదిలోకి వెళ్లగానే మిగతా ఏడుగురిలాగే అయిపోయేవాళ్లు. ఇంకో ఏడాది విడిగా కూర్చున్నా ఆ గది మారదని ఆ చాయ్ తాగుతుండగా అర్థమైంది. నేను టీమ్ కోచింగ్ వైపు మళ్లింది అక్కడి నుంచే.

ఒక్కొక్కరికి కోచింగ్ చేయడం ఇప్పటికే వచ్చినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్ జట్ల పని పద్ధతిని చూసుకునే స్క్రమ్ మాస్టర్లు, హెచ్‌ఆర్‌లో ఉన్నవాళ్లు, ప్లాంట్లలో షిఫ్టులు నడిపేవాళ్లు కూడా వాడుకోవచ్చు. మంచి ప్రశ్న అడగడం, నోటి దాకా వచ్చిన సలహాను మింగేయడం మీకు తెలుసనే అనుకుంటున్నాను.

మొదటి అడుగు: క్లయింట్ ఎవరో తేల్చుకోండి

సాధారణంగా ఫోన్ ఇలా వస్తుంది: "మా వాళ్లకు శంకర్‌పల్లి వైపు ఏదైనా రిసార్టులో రెండు రోజులు టీమ్ బిల్డింగ్ పెట్టండి. కొంచెం కలిసిపోవాలి." అది చెడ్డ పనేమీ కాదు, కానీ టీమ్ కోచింగ్ అనిపించుకోదు. ట్రైనింగ్‌లో మీకు తెలిసింది వాళ్లకు చెబుతారు. ఫెసిలిటేషన్‌లో ఒక మీటింగ్ సజావుగా సాగేలా చూస్తారు. టీమ్ కోచింగ్‌లో జట్టు తన అసలు పని చేస్తుండగానే, తాను ఆ పని ఎలా చేస్తోందో చూసుకుని మార్చుకోవడానికి తోడుంటారు. అందుకు నెలలు పడుతుంది. తాడు లాగే ఆటలో కలిసిపోయినవాళ్లు సోమవారం ఉదయం మళ్లీ విడిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్, మనవాళ్లు ఐసీఎఫ్ అనేది, టీమ్ కోచింగ్‌కు విడిగా నైపుణ్యాల పట్టిక విడుదల చేసింది 2020లో. అందులో కీలకమైన మాట ఒకటే: జట్టు మొత్తం కలిపి ఒకే క్లయింట్. చదవడానికి తేలికే. ఆచరణలో దీని అర్థం, మీకు ఫీజు ఇప్పించే డైరెక్టర్ మీ క్లయింట్ కాడు. కారిడార్‌లో ఆపి కష్టం చెప్పుకునే ఇంజినీరూ కాదు. మీరు ఎవరి తరఫునా వకాల్తా పుచ్చుకోరు.

రెండో అడుగు: మాట ముందే తేల్చుకోండి

ఒప్పందం అంటే సంతకాల కాగితం ఒక్కటే కాదు. కనీసం మూడుసార్లు కూర్చోవాలి: డబ్బు మంజూరు చేసే పెద్దమనిషితో (స్పాన్సర్ అంటాం) ఒకసారి, జట్టు లీడర్‌తో ఒకసారి, లీడర్‌తో సహా జట్టు అందరితో ఒకసారి. మూడోది చాలామంది ఎగ్గొడతారు. ఎగ్గొడితే జట్టు మిమ్మల్ని "పైనుంచి పంపిన మనిషి" అనుకుంటుంది. ఆ అనుమానం తర్వాత ఎంత కడిగినా పోదు.

పెద్దవాళ్లను అడిగితే ముందుగా వచ్చే జవాబు "కమ్యూనికేషన్ మెరుగుపడాలి". దాన్ని ఒప్పుకుని బయటికి రావద్దు. "ఇప్పుడు జరగనిది, ఆరు నెలల తర్వాత ఏది జరిగితే డబ్బు వృథా కాలేదంటారు?" అని అడగండి. కాసేపు ఇబ్బంది పడి అసలు విషయం చెబుతారు: "రిలీజ్‌కు రెండు రోజుల ముందు కాకుండా రెండు వారాల ముందే నాకు సమస్య తెలియాలి." దీని మీద పని చేయొచ్చు.

గోప్యత మాట మూడు చోట్లా ఒకే పదాలతో చెప్పండి. నేనిలా చెబుతాను: "విడిగా నాతో అన్నది ఎవరి పేరుతోనూ బయటికి పోదు. అందరి మాటల్లో పదేపదే కనిపించిన విషయాలు జట్టు ముందు పెడతాను. పై అధికారులకు ఏం చెప్పాలో జట్టే రాస్తుంది, నేను కాదు."

ఇది కటువుగా చెప్పడం నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. మొదట్లో ఒక కంపెనీలో డైరెక్టర్ లిఫ్ట్ దగ్గర ఆపి, "ఎక్కడ తేడా కొడుతోందండీ?" అని మామూలుగా అడిగారు. "క్యూఏ వైపు కాస్త చూడాలేమో" అన్నాను, అంతే. క్యూఏ అంటే నాణ్యత తనిఖీ చూసే విభాగం. రెండు వారాల్లో క్యూఏ లీడ్‌ను వేరే ప్రాజెక్టుకు మార్చేశారు. ఆ తర్వాత ఆ జట్టు నాతో క్రికెట్, ట్రాఫిక్ తప్ప ఏమీ మాట్లాడలేదు. నాలుగు సెషన్ల ఫీజు వదులుకుని తప్పుకున్నాను. ఇప్పుడు లిఫ్ట్ దగ్గర ఎవరు అడిగినా ఒకటే జవాబు: "ఆ ప్రశ్న గురువారం జట్టులోనే అడగండి సార్, నేనూ ఉంటాను."

మూడో అడుగు: అది అసలు జట్టేనా అని చూడండి

పదునున్న టీమ్ కోచ్‌కూ మామూలు కోచ్‌కూ తేడా ముందు ఇక్కడే తెలుస్తుంది. ఒకే మేనేజర్ కింద ఉన్న పది మంది జట్టు కానవసరం లేదు. ఒకరు పది రోజులు సెలవు పెడితే మిగతావాళ్ల పని ఆగుతుందా? ఆగకపోతే వాళ్లు పక్కపక్క కుర్చీల్లో ఎవరి పని వాళ్లు చేసుకునేవాళ్లు. వాళ్లకు టీమ్ కోచింగ్ అమ్మడం అన్యాయం.

జట్ల మీద జీవితమంతా పరిశోధించిన హార్వర్డ్ ప్రొఫెసర్ రిచర్డ్ హ్యాక్‌మన్, ఆయన సహ పరిశోధకురాలు రూత్ వేగ్‌మన్ తదితరులు 120 ఉన్నత స్థాయి నాయకత్వ జట్లను పరిశీలించారు. మీ జట్టులో ఎవరెవరు ఉన్నారు అని సభ్యులను అడిగితే, అందరూ ఒకే జవాబు చెప్పిన జట్లు 10 శాతం కూడా లేవు. నాకిది అతిశయోక్తి అనిపించింది, నేనూ అడిగి చూసేదాకా. తొమ్మిది మందిని అడిగితే ఏడు, తొమ్మిది, పన్నెండు అని మూడు రకాల లెక్కలు వచ్చాయి. ఆన్‌సైట్‌లో, అంటే కస్టమర్ ఆఫీసులో ఉన్న ఇద్దరు జట్టులో ఉన్నట్టా లేనట్టా అన్నది ఎవరూ ఎప్పుడూ తేల్చలేదు. ఆ ప్రశ్నొక్కటే మొదటి సెషన్‌కు సరిపోయింది.

హ్యాక్‌మన్ ఒక ఉజ్జాయింపు లెక్క చెప్పేవారు. జట్టు ఎంత బాగా పని చేస్తుందన్నదాంట్లో 60 శాతం దాన్ని మొదలుపెట్టక ముందే ఎలా కట్టారన్నదాని మీద, 30 శాతం ఎలా ప్రారంభించారన్నదాని మీద, మిగిలిన 10 శాతం మాత్రమే పని సాగుతుండగా చేసే కోచింగ్ మీద ఆధారపడుతుందని. మన వృత్తి గురించి మనమే గొప్పలు చెప్పుకోకుండా ఇది ఆపుతుంది. కాబట్టి సెషన్లకు ముందు లీడర్‌తో కూర్చుని కట్టడం సరిచూడండి: ఈ జట్టు ఎందుకు ఉంది? ఏ నిర్ణయాలు తనంతట తాను తీసుకోవచ్చు? మనుషుల సంఖ్య రెండంకెల్లోకి పోయిందా? పోయి ఉంటే తగ్గించే దారి ఉందా?

మన ఐటీ కంపెనీల్లో ఇంకొకటి తప్పకుండా చూడాలి. సంవత్సరం చివర ఆ జట్టులోనివాళ్లనే ఒకరి కంటే ఒకరిని పైనా కిందా పెట్టి రేటింగ్ ఇస్తున్నారా? ఇస్తుంటే, సాటివాడికి సాయం చేసినవాడు తన హైక్‌ను తానే తగ్గించుకున్నట్టు. ఎంత గొప్ప సెషన్ పెట్టినా దీన్ని మీరు మార్చలేరు. మార్చలేరని స్పాన్సర్‌కు ముఖం మీదే చెప్పాలి. చెప్పకుండా పని తీసుకుంటే ఆరు నెలల తర్వాత నింద మీకే మిగులుతుంది.

నాలుగో అడుగు: నోరు తెరవకముందు చూడండి

ఒక్కొక్కరితో నలభై నిమిషాలు మాట్లాడండి. ప్రశ్నలు ఎక్కువ వద్దు. ఈ జట్టు ఏ పని బాగా చేస్తుంది, ఎక్కడ ఇరుక్కుంటుంది, అందరికీ తెలిసినా ఎవరూ అననిది ఏమిటి, మీరు మౌనంగా ఉండిపోయిన చివరి సందర్భం ఏది. నాలుగోదానికి వచ్చే జవాబులు బంగారం.

తర్వాత వాళ్ల మామూలు మీటింగ్‌లో ఒక మూల కూర్చోండి. మీకోసం పెట్టిన ప్రత్యేక మీటింగ్ వద్దు. కాగితం మీద మనుషులను చుట్టూ సున్నాలుగా గీసి, ఎవరి మాట తర్వాత ఎవరు మాట్లాడారో బాణాలు వేస్తూ పోండి. ఎవరి మాటను ఎవరు మధ్యలో అందుకున్నారో అక్కడ అడ్డగీత. అరగంటలో ఆ కాగితం ఒక బొమ్మ చూపిస్తుంది. బాణాలన్నీ మేనేజర్‌కు వెళ్లి మేనేజర్ నుంచి వస్తుంటే, అక్కడ ఎనిమిది వేర్వేరు సంభాషణలు వరసగా జరుగుతున్నాయన్నమాట, జట్టు సంభాషణ ఒక్కటీ లేదు.

బయటి దేశాల్లో రాసిన గైడ్లలో దొరకని సంగతులు కొన్ని మన గదుల్లో ఉంటాయి. ఎవరు ఎవరిని "మీరు" అంటున్నారు, ఎవరిని "నువ్వు" అంటున్నారు, "గారు" ఎక్కడ హఠాత్తుగా వచ్చి చేరింది, గమనించండి. నిన్నటిదాకా "అన్నా" అని పిలిచినవాడు ఈరోజు "సార్" అన్నాడంటే ఏదో జరిగింది. భాష కూడా అంతే. మీటింగ్ ఇంగ్లిష్‌లో నడుస్తుంది. అసలు సంగతి వచ్చేసరికి ఒకరు పక్కవాళ్లకు తెలుగులోనో హిందీలోనో గొణుగుతారు. ఆ గొణుగుడు ఎప్పుడు మొదలైందో టైమ్ రాసుకోండి. వీడియో కాల్ అయితే, ఏ మాట తర్వాత ఎవరి కెమెరా ఆగిందో చూడండి. మేనేజర్ లేని వాట్సాప్ గ్రూపు దాదాపు ప్రతి జట్టుకూ ఉంటుంది. అందులో ఏముందని ఎప్పుడూ అడగవద్దు. అది ఉందని మాత్రం మరిచిపోవద్దు.

ఐదో అడుగు: గదిలో చేయాల్సిన పని

పదును అంతా ఇక్కడే పరీక్షకు వస్తుంది కాబట్టి నిదానంగా చెబుతాను.

చూసింది చూసినట్టు అనడం అన్నిటికంటే కష్టం. "మీరందరూ మేనేజర్‌కు భయపడుతున్నారు" అంటే అది తీర్పు, వెంటనే ఎవరో కాదంటారు, వాదన మొదలవుతుంది. "తేదీ గురించి మాట వచ్చినప్పటి నుంచి ఏడుగురు మాట్లాడలేదు. మీకేమనిపిస్తోంది?" అంటే అది కళ్లెదుట ఉన్న విషయం. కాదనడానికి ఏమీ లేదు. సాధనకు ఇలా చేయండి: ఒక నెల పాటు ఏ మీటింగ్‌లో కూర్చున్నా, వీడియో కెమెరా కూడా పట్టుకోగల సంగతులు మాత్రమే వాక్యాలుగా రాయండి. "విసుగ్గా ఉన్నాడు" అని కెమెరా పట్టుకోదు. "మూడుసార్లు ఫోన్ చూసుకున్నాడు" అన్నది పట్టుకుంటుంది. మొదటి వారం మీ వాక్యాల్లో సగం కొట్టేయాల్సి వస్తుంది.

ఆ మాట అన్నాక ఆగండి. మౌనం మీద మనకు ఓపిక తక్కువ. ఇంటికొచ్చిన చుట్టాల ముందు మాట ఆగిపోతే ఏదో ఒకటి అనేసే అలవాటు మనది. లోపల పన్నెండు దాకా లెక్కపెట్టండి. చాలాసార్లు తొమ్మిది, పది దగ్గర ఎవరో ఒకరు నోరు తెరుస్తారు. అందరూ మీ ముఖం వైపే చూస్తుంటే మీ కాగితం వైపు చూడండి, లేదా కుర్చీ ఒక అడుగు వెనక్కి జరపండి. వాళ్ల కళ్లు ఒకరి మీదికి ఒకరివి మళ్లాలి.

పెద్దరికం ఉన్న గదిలో "అందరూ స్వేచ్ఛగా మాట్లాడండి" అనడం వల్ల ఎవరూ మాట్లాడరు. ముందు మూడు నిమిషాలు కాగితం మీద రాయించండి. తర్వాత ఇద్దరిద్దరుగా చెప్పుకోనివ్వండి. ఆ తర్వాతే అందరిలో, అదీ అందరికంటే కొత్తగా చేరినవాళ్లతో మొదలుపెట్టి, లీడర్ ఆఖరున. లీడర్ మొదట మాట్లాడితే మిగతావన్నీ "సార్ చెప్పినట్టే" అయిపోతాయి. భాష విషయంలోనూ మొదటి రోజే అనుమతి ఇప్పించండి: ఏ భాషలో వస్తే ఆ భాషలో అనండి, అర్థం కానివాళ్లకు పక్కవాళ్లు చెబుతారు. తెలుగు రానివాళ్లు గదిలో ఉంటే ఆ అనువాదానికి టైమ్ ఇవ్వండి, లేకపోతే ఇంకో రకం వెలివేత మొదలవుతుంది.

ఇక ప్రతి జట్టులోనూ "అతనొక్కడే సమస్య" అనిపించుకునే మనిషి ఒకరుంటారు. పటాన్‌చెరు వైపు ఒక మందుల ప్లాంట్‌లో ప్రొడక్షన్, క్యూఏ, మెయింటెనెన్స్ షిఫ్ట్ ఇన్‌చార్జులతో పని చేశాను. షిఫ్టు మారేటప్పుడు పని అప్పగించే హ్యాండోవర్ దగ్గర రోజూ గొడవ. మెయింటెనెన్స్ ఆయన గట్టిగా మాట్లాడతాడు, అందరికీ ఆయనంటే చిరాకు. మూడో సెషన్‌లో ఆయన మళ్లీ గొంతు పెంచాడు: "రాత్రి పంపు సౌండ్ వస్తోందని ఎవరూ రాయరు, పొద్దున ఆగిపోయాక నా మీద పడతారు!" గది బిగుసుకుపోయింది. పాత అలవాటు ప్రకారమైతే "కాస్త శాంతంగా మాట్లాడుకుందాం" అనేవాణ్నే. అలా అనకుండా, "ఈయన గట్టిగా అన్నది ఈ గదిలో ఇంకెవరు మెల్లగా అనుకుంటున్నారు?" అని అడిగాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత క్యూఏ నుంచి వచ్చిన, వయసులో చిన్నదైన ఒకావిడ అంది: "సార్, రాస్తే డీవియేషన్ అవుతుంది. డీవియేషన్ అయితే ఎవరు రాశారని అడుగుతారు. అందుకే రాయం."

డీవియేషన్ అంటే పద్ధతి తప్పిందని రికార్డుల్లోకి ఎక్కడం. అక్కడితో ఆయన గొంతు సమస్య పక్కకు పోయింది. రాసినవాళ్లనే నిలదీసే పద్ధతి ముందుకొచ్చింది. ఒకరి కోపం వెనక జట్టంతా దాచుకున్న మాట ఉందేమో అని వెతకడం ఇందుకే. ప్రతిసారీ ఉండదు. కొన్నిసార్లు ఆ మనిషి నిజంగానే మొరటువాడు, ఆ సంగతి లీడర్ చూసుకోవాలి.

హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రుల్లో చేసిన తొలి పరిశోధనలో ఇలాంటిదే ఎదురైంది. మంచి సంబంధాలున్న నర్సుల జట్లలో మందుల తప్పులు తక్కువ కనిపించాలి కదా, ఎక్కువ కనిపించాయి. ఆ జట్లు తప్పులు ఎక్కువ చేయడం వల్ల కాదు, దాచకుండా చెప్పుకోవడం వల్ల అని ఆవిడ తేల్చింది. మానసిక భద్రత (నోరు తెరిస్తే నష్టపోమన్న నమ్మకం) మీద ఆవిడ చేసిన పనంతా అక్కడి నుంచే పెరిగింది. ఆ ప్లాంట్ హెడ్‌కు ముందే చెప్పాను: మొదటి రెండు నెలలు మీ రిపోర్టుల్లో తప్పుల సంఖ్య పెరగొచ్చు, టెన్షన్ పడకండి.

సెషన్ ముగిసే ముందు పది నిమిషాలు దాచుకోండి. ఎవరు, ఏది, ఎప్పటికి అన్నది వాళ్లచేతే బోర్డు మీద రాయించండి. ఇది లేని సెషన్ మంచి కబుర్లుగా మిగిలిపోతుంది.

ఆరో అడుగు: సమయం చూసి కదలండి

కొత్త కోచ్‌లు ప్రతి రెండు వారాలకు ఒక సెషన్ అని క్యాలెండర్ నింపేస్తారు. జట్టుకు అన్ని వేళలా ఒకే చెవి ఉండదు. పరిశోధకురాలు కోనీ గర్సిక్ 1988లో ప్రచురించిన పరిశోధనలో ఎనిమిది ప్రాజెక్టు జట్లను మొదటి మీటింగ్ నుంచి చివరిదాకా గమనించింది. కొన్ని జట్లకు గడువు రోజుల్లో ఉంది, కొన్నిటికి నెలల్లో. అయినా ప్రతి జట్టూ మొదటి మీటింగ్‌లో పట్టుకున్న దారినే చాలాకాలం పోయి, గడువులో దాదాపు సగం గడిచాక ఒక్కసారిగా పద్ధతి మార్చుకుంది.

హ్యాక్‌మన్, వేగ్‌మన్ 2005లో దీన్ని కోచింగ్‌కు అన్వయించారు. మొదట్లో జట్టుకు ఉత్సాహం, కట్టుబాటు మీద సాయం చేయాలి. మధ్యలో పని చేసే పద్ధతి మీద. చివర, ఏం నేర్చుకున్నామన్నదాని మీద. ఆరు నెలల ప్రాజెక్టుకు నేను మొదటి వారంలో ఒక పూట, మూడో నెల ముగిసే వేళ ఒక పూర్తి రోజు, రిలీజ్ అయిన పది రోజుల్లోపు ఇంకో పూట ఖాయం చేస్తాను. మిగతావి అవసరాన్ని బట్టి, చిన్నగా. రిలీజ్‌కు ముందు వారం "లోతుగా ఆలోచిద్దాం" అని పిలిస్తే వాళ్లు మనసులో తిట్టుకుంటారు, అది న్యాయమే.

వాళ్లిద్దరిదే ఇంకో మాట చాలామంది కోచ్‌లకు మింగుడుపడదు: మనుషుల మధ్య సంబంధాల మీద కంటే పని మీద కోచింగ్ చేస్తే ఎక్కువ ఉపయోగం. నా అనుభవమూ అదే. హ్యాండోవర్ కాగితం బాగుపడ్డాక ఆ ప్లాంట్‌లో కలిసి టిఫిన్ చేయడం వాళ్లంతట వాళ్లే మొదలుపెట్టారు.

ఏడో అడుగు: లీడర్‌ను ఒంటరిగా వదలొద్దు

జట్టు నిజం మాట్లాడటం మొదలుపెట్టిన రోజు అందరికంటే ఎక్కువ నొచ్చుకునేది లీడర్. ప్రతి సెషన్‌కు ముందు పావుగంట, తర్వాత అరగంట ఆయనతోనో ఆవిడతోనో కూర్చోండి. ముందే అడగండి: "ఈరోజు మీకు నచ్చని మాట వస్తే మీ ముఖంలో ఏం కనిపిస్తుంది?" ఒక మేనేజర్ నిజాయితీగా, "పెన్ను టకటకా కొడతాను" అన్నాడు. జట్టుకు ఆ పెన్ను సంగతి ఎప్పటి నుంచో తెలుసు! తర్వాతి సెషన్‌కు పెన్ను లేకుండా వచ్చాడు.

ఇక్కడ జారిపోయే చోటు ఒకటుంది. లీడర్ మీ మీద ఆనుకోవడం మొదలుపెడితే, "మీరే చెప్పండి వాళ్లకు, మీరంటే వింటారు" అంటాడు. ఒక్కసారి ఒప్పుకున్నారా, మీరు దొడ్డిదారి మేనేజర్ అయిపోతారు. ఆ మాట ఆయన నోటితోనే ఎలా రావాలో విడిగా సాధన చేయించండి. లీడర్‌కు ఇంకా లోతైన కోచింగ్ కావాలంటే వేరే కోచ్‌ను చూపించడం మేలు.

ఎనిమిదో అడుగు: బయటివాళ్లకు ఒక కుర్చీ

జట్టు తన గురించే మాట్లాడుకుంటూ మురిసిపోయే దశ ఒకటి వస్తుంది. అప్పుడు గదిలో ఒక ఖాళీ కుర్చీ వేసి, అది వాళ్ల పని అందుకునేవాళ్లదని చెప్పండి: కస్టమర్, పక్క డిపార్ట్‌మెంట్, రాత్రి షిఫ్ట్. ఒకరు వెళ్లి అందులో కూర్చుని వాళ్ల గొంతుతో మాట్లాడాలి. వీలైతే నిజమైన కస్టమర్‌నే అరగంట పిలవండి. కుర్చీ కంటే అదే మేలు.

తొమ్మిదో అడుగు: మీ మీద మీరు పని చేసుకోండి

నాకొక జబ్బుంది. మా ఇంట్లో నాన్న, బాబాయిల మధ్య ఎప్పుడు గొంతులు లేచినా సర్దిచెప్పడం పెద్ద సంతానంగా నా పని. ముప్పై ఏళ్ల తర్వాత కాన్ఫరెన్స్ రూముల్లోనూ అదే చేశాను. గొడవ పండకముందే కోసేసేవాణ్ని. జట్లు నన్ను మెచ్చుకునేవి, మారేవి మాత్రం కాదు. ఇది నాకు నేనుగా కనిపెట్టలేదు. నా సూపర్‌వైజర్ ఒక సెషన్ గురించి విని, "ఆ గదిలో ఎవరిని కాపాడుతున్నావు?" అని అడిగితే తెలిసింది.

కాబట్టి సూపర్‌విజన్ పెట్టుకోండి. ఇక్కడ సూపర్‌వైజర్ అంటే పై అధికారి కాదు, మీ కోచింగ్‌ను మీతో కలిసి నెమరువేసే అనుభవజ్ఞులు. నెలకు ఒకసారైనా. ప్రతి సెషన్ తర్వాత ఇరవై నిమిషాల్లోపు మూడు విషయాలు రాయండి: ఏం చూశాను, ఏం అన్నాను, ఏది అనాలనిపించి అనలేదు. మూడోదాంట్లో మీ జబ్బు బయటపడుతుంది.

పెద్ద జట్లకు ఇద్దరు కోచ్‌లు వెళ్లడం మంచిది. ఒకరు నడిపిస్తుంటే ఒకరు చూస్తారు. తర్వాత కారులో తిరిగొచ్చేటప్పుడు ఒకరి పని మీద ఒకరు దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. ఏ కోర్సు ఫీజు కట్టినా దొరకనిది ఆ గంట ప్రయాణంలో దొరికింది నాకు.

సాధనకు కార్పొరేట్ గది దొరకలేదా? మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ జనరల్ బాడీ మీటింగ్‌కు వెళ్లండి. మెయింటెనెన్స్ బకాయిల మీద జరిగే ఆ యుద్ధంలో మీ పక్షం వదిలేసి, బాణాల కాగితం గీస్తూ గంట కూర్చోగలిగితే ఏ బోర్డురూమైనా తట్టుకుంటారు. వినాయక చవితి ఉత్సవ కమిటీ కూడా మంచి బడే.

సర్టిఫికెట్ కావాలంటే ఐసీఎఫ్ 2022లో తెచ్చిన అడ్వాన్స్‌డ్ సర్టిఫికేషన్ ఇన్ టీమ్ కోచింగ్ ఉంది, ఏసీటీసీ అంటారు. దానికి ముందుగా ఐసీఎఫ్ ఇచ్చే మూడు స్థాయిల కోచ్ సర్టిఫికెట్లు ఏసీసీ, పీసీసీ, ఎంసీసీల్లో ఏదో ఒకటి చేతిలో ఉండాలి. 60 గంటల టీమ్ కోచింగ్ చదువు, గత ఐదేళ్లలో కనీసం ఐదు జట్లతో చేసిన పని, 5 గంటల సూపర్‌విజన్ చూపించి పరీక్ష రాయాలి. అప్లై చేసే రోజు నిబంధనలు వాళ్ల సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి. ఐదు జట్లు అన్నది చిన్న సంఖ్యలా కనిపిస్తుంది గానీ, ఒక్కో జట్టుతో ఆరేసి నెలలు వేసుకుంటే ఎంతకాలమో మీకే తెలుస్తుంది. తొందరపడి ఒక పూట వర్క్‌షాపులను జట్టు కోచింగ్ లెక్కలో రాసుకోకండి.

పదో అడుగు: వెళ్లిపోవడం

బయటికి వచ్చే పని మూడో సెషన్ నుంచే మొదలుపెట్టాలి. మొదట సెషన్ ప్రారంభం వాళ్లకు అప్పగించండి, తర్వాత బాణాల కాగితం గీసే పని, తర్వాత మధ్యలో ఆపి "ఇప్పుడేం జరుగుతోంది?" అని అడిగే పని. చివరి రెండు సెషన్లలో మీరు మూల కుర్చీలో ఉండాలి. ఎవరైనా మీకంటే ముందు, "మనం మళ్లీ తేదీ దగ్గర సైలెంట్ అయిపోయాం చూడండి" అన్నారంటే ఇక ఇన్వాయిస్ రాసుకోవచ్చు.

మూడు నెలల తర్వాత ఒకసారి వెళ్లండి, సెషన్ పెట్టవద్దు. వాళ్ల మామూలు మీటింగ్‌లో అదే మూల కూర్చుని మళ్లీ సున్నాలు, బాణాలు గీయండి. మొదటి రోజు గీసిన కాగితం, ఈ రోజు కాగితం రెండూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి, వాళ్లనే చదువుకోనిచ్చి మీరు చాయ్‌కి కిందికి దిగండి.